వలస సీమలో ఆసరా: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పని, పసిపిల్లల సంరక్షణ, కాందిశీకుల సహాయం

ఆమదాలవలస, కొత్తవలస, గూడెపువలస. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పటం మీద వేలు ఎటు కదిపినా పేరు చివర 'వలస' ఉన్న ఊరు తగులుతుంది. ఎక్కడినుంచో వచ్చి దిగినవాళ్ళు కట్టుకున్న ఊరని ఆ మాటకు పాత అర్థం. ఇప్పుడు అదే మాటను ఊరు విడిచిపోవడానికి వాడుతున్నాం. ఈ ప్రాంతంలో ప్రభుత్వ సహాయం గురించి రాయాలంటే ఇక్కడే మొదలుపెట్టాలి. పని దొరక్క మనిషి రైలెక్కుతాడు. ఎక్కేముందు పిల్లను అమ్మమ్మ దగ్గర దింపాలా, చంకనేసుకుని పోవాలా అన్నది తేల్చుకోవాలి. వెళ్ళినచోట యుద్ధమో, సరిహద్దో అడ్డొస్తే కాందిశీకుడై తిరిగి రావాలి. ఉపాధి, శిశు సంక్షేమం, పునరావాసం అని ప్రభుత్వం మూడు శాఖలకు పంచినవి ఒక ఇంట్లో ఒకే కష్టంగా వచ్చిపడతాయి. సహాయమేమో ఊరికి, కార్డుకు, చిరునామాకు కట్టేసి ఉంటుంది. మనిషి మాత్రం కదులుతూనే ఉంటాడు.

జిల్లాల సరిహద్దులూ కదిలాయి. విశాఖపట్నం జిల్లానుంచి 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా విడివడింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న ఈ రెండింటి కొండ ప్రాంతాలు కలిసి పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి; రాజాం వైపు ఊళ్ళు శ్రీకాకుళంనుంచి విజయనగరానికి మారాయి. ఈ వ్యాసంలో మన్యం ఊళ్ళ ప్రస్తావన కూడా వస్తుంది, ఎందుకంటే వాటి చరిత్ర ఇంకా పాత జిల్లాలతోనే ముడిపడి ఉంది.

రంగం పోయినవాళ్ళు, తిరిగి వచ్చినవాళ్ళు

పందొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాలనుంచి బారువ, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో ఓడలెక్కి ఇక్కడి జనం రంగూన్ వెళ్ళారు. పల్లెల్లో దాన్ని 'రంగం పోవడం' అనేవారు. ధాన్యం మిల్లుల్లో, రేవులో మూటల మోతలో, రిక్షా లాగడంలో తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండేవారు. బర్మాలో వాళ్ళను కోరంగీలని పిలిచేవారు. గోదావరి ముఖాన ఉన్న కోరంగి రేవు పేరుమీద వచ్చిన పిలుపు అది. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో తెలుగువాళ్ళ సంఖ్య లక్షన్నర దాటింది. ఓడ ఖర్చు మేస్త్రీ ముందుగా పెట్టుకునేవాడు, ఆ బాకీని కూలిలో కోసుకునేవాడు. పని చూపించే ప్రభుత్వ కార్యాలయం ఊసే లేని ఆ రోజుల్లో పని చూపేదీ, అప్పిచ్చేదీ, బస చూపేదీ ఆ మేస్త్రీయే.

1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. వాళ్ళ బదులు బర్మీయులను పనిలోకి తీసుకున్నారు. సమ్మె తేలి తెలుగువాళ్ళు తిరిగి రాగానే ఆ బర్మీయులను పంపేశారు. మే 26న మొదలైన కొట్లాటల్లో వందమందికి పైగా చనిపోయారు. చనిపోయినవాళ్ళలో తెలుగు కూలీలే ఎక్కువ. ఒకే మూట కోసం ఇద్దరు పేదవాళ్ళను ఎదురెదురుగా నిలబెట్టిన సంఘటన అది. తరవాత 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాను బాంబులు పడ్డాయి. బర్మాలో ఉన్న భారతీయులు లక్షల్లో బయల్దేరారు. ఓడ దొరికినవాళ్ళు ఓడలో, దొరకనివాళ్ళు అరకాన్ కొండలమీదుగా, మణిపూర్ దారిన నడిచి వచ్చారు. దారిలో మలేరియాతో, ఆకలితో పోయినవాళ్ళకు సరైన లెక్క లేదు.

ఆ తరవాతి తిరిగిరాక మాత్రం ప్రభుత్వ చట్టాల కారణంగా జరిగింది. 1962 మార్చి 2న జనరల్ నె విన్ అధికారం చేజిక్కించుకున్నాక దుకాణాలు, వ్యాపారాలు జాతీయం చేశారు. 1964 మేలో 50, 100 క్యాట్ నోట్లు రద్దుచేశారు. తరాలుగా కూడబెట్టిన సొమ్ము చిత్తుకాగితమైంది. వేలాది కుటుంబాలు కట్టుబట్టలతో ఓడదిగాయి. విశాఖపట్నం కంచరపాలెం వైపున్న బర్మా క్యాంపు పేరులో ఆ జ్ఞాపకం ఇప్పటికీ ఉంది. ప్రభుత్వ కాగితాల్లో వీళ్ళు 'స్వదేశానికి తిరిగి వచ్చినవారు'. జనం నోట మాత్రం బర్మా కాందిశీకులే.

వీళ్ళకు అందిన సహాయం గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. చిన్న వ్యాపారానికి అప్పు, ఇంటికి అప్పు, ఉద్యోగాల్లో వయసు సడలింపు: ఇవి ముఖ్యమైనవి. బర్మా, శ్రీలంకలనుంచి వచ్చినవాళ్ళ కోసం భారత ప్రభుత్వం 1969లో మద్రాసు కేంద్రంగా రెప్కో బ్యాంకు పెట్టింది. దాని పరిధిలో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. కేంద్ర ఉద్యోగ ప్రకటనల్లో చాలా ఏళ్ళపాటు ఒక వాక్యం కనిపించేది: 1963 జూన్ 1న గాని ఆ తరవాత గాని బర్మానుంచి వచ్చిన భారత సంతతివారికి వయోపరిమితి సడలిస్తామని. ఆ తేదీకి ముందురోజు ఓడదిగినవాడికి అది వర్తించదు. ఆ తరవాత దిగినవాడైనా రంగూన్‌లోని భారత రాయబార కార్యాలయం ఇచ్చిన గుర్తింపు పత్రమో, జిల్లా మేజిస్ట్రేటు ఇచ్చిన ధ్రువపత్రమో చూపించాలి. సర్వం వదిలి వచ్చినవాణ్ణి కాగితం అడగడం ఎంత కఠినమో ఆ పత్రాన్ని ట్రంకు పెట్టెలో చీరమడతల మధ్య దాచుకున్న ఇళ్ళకు తెలుసు.

భారతదేశం 1951 నాటి శరణార్థుల ఒప్పందం మీద సంతకం చేయలేదు. శరణార్థులందరికీ వర్తించే ఒకే చట్టమూ మనకు లేదు. అందువల్ల ఎవరు వస్తే వాళ్ళకోసం విడిగా ఉత్తర్వు వస్తుంది. ఈ జిల్లాలకు ఆనుకుని ఉన్న ఒడిశాలోనే అలాంటి ఏర్పాట్లు రెండు జరిగాయి. తూర్పు బెంగాల్ కాందిశీకుల కోసం 1958లో పుట్టిన దండకారణ్య ప్రాజెక్టు కోరాపుట్ వైపు సాగింది. గజపతి జిల్లా చంద్రగిరిలో 1963లో టిబెటన్ల ఆవాసం వెలిసింది.

కరువు పని

ఉపాధి హామీని ఇక్కడి పల్లెల్లో చాలామంది ఇప్పటికీ 'కరువు పని' అనే అంటారు. కరువొచ్చినప్పుడు దొరతనం చెరువులు తవ్వించిన కాలంనుంచి వచ్చిన మాట. 2005 చట్టం 2006 ఫిబ్రవరి 2న దేశంలో 200 జిల్లాల్లో మొదలైంది. ఆ తొలి జాబితాలో విజయనగరం ఉంది, శ్రీకాకుళం లేదు. శ్రీకాకుళానికి 2007లో రెండో విడతలో వచ్చింది. నాగావళికి ఒక ఒడ్డున జాబ్ కార్డుండి, మరో ఒడ్డున ఏడాదిపాటు లేకపోవడం ఇక్కడివాళ్ళు కళ్ళారా చూశారు.

ఈ పథకం మాటలన్నీ ఇప్పుడు ఊరి మాటలైపోయాయి. జాబ్ కార్డు, మస్తరు, మేటి, ఫీల్డ్ అసిస్టెంటు, శ్రమశక్తి సంఘం. వేసవిలో పొద్దుపొడవకముందే గునపం, పార, చద్ది క్యారేజీ పట్టుకుని చెరువుకో కాలవకో పోతారు. పనికొచ్చేవాళ్ళలో సగానికి పైగా ఆడవాళ్ళే. 2025-26లో ఆంధ్రప్రదేశ్‌కు ప్రకటించిన రోజుకూలి 307 రూపాయలు. అయితే అది కొలతల మీద వచ్చే కూలి. నేల గట్టిగా ఉంటే, మట్టి తక్కువ తెగితే, చేతికి వచ్చేదీ తగ్గుతుంది.

2005 చట్టంలో ఉన్నా ఎక్కువమంది వాడుకోని హక్కు ఒకటుంది. పని కావాలని అడిగినప్పుడు తేదీ వేసిన రశీదు ఇవ్వాలి. ఆ తేదీనుంచి 15 రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి: మొదటి 30 రోజులకు కూలిలో నాలుగోవంతు, ఆ పైన సగం. పని ఊరికి 5 కిలోమీటర్లు దాటితే కూలిమీద పదిశాతం అదనం. నోటితో 'పని పెట్టండి బాబూ' అని అడిగితే రశీదు రాదు, రశీదు లేకపోతే భృతి లేదు. అడగడమే బతిమాలడంగా అలవాటైన చోట, అడిగిన తేదీని రాయించుకోవడం హక్కుకు మొదటి మెట్టు. రాష్ట్రంలో సామాజిక తనిఖీకి ప్రత్యేకంగా ఒక సంస్థ ఉండడం, తనిఖీ బృందాలు ఊళ్ళోకి వచ్చి మస్తరు పేర్లు బయటికి చదవడం ఈ పథకం తెచ్చిన మంచి అలవాట్లలో ఒకటి.

2025 డిసెంబరులో పార్లమెంటు ఈ చట్టం స్థానంలో కొత్త చట్టం చేసింది. హామీ దినాలు 100నుంచి 125కు పెరిగాయి. ఖర్చులో రాష్ట్రం వాటా 40 శాతం అయింది. వ్యవసాయ పనుల రద్దీ రోజుల్లో పని ఆపే వీలు కల్పించారు. ఇరవై ఏళ్ళు జనం నేర్చుకున్నది మాత్రం పాత చట్టం కిందే.

ఉపాధికి మిగతా దారులు క్లుప్తంగా చెప్పుకోవచ్చు. జిల్లా ఉపాధి కార్యాలయాన్ని ఇప్పటికీ జనం 'ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్‌చేంజి' అంటారు. ఖాళీలను దానికి తెలియజేయాలన్న చట్టం 1959లో వచ్చింది. ఒకప్పుడు డిగ్రీ చేతికి రాగానే పేరు నమోదు చేయించుకోవడం, కార్డు రెన్యువల్ గుర్తుపెట్టుకోవడం ప్రతి ఇంట్లో ఒక క్రతువు. ఇప్పుడది ఎక్కువగా జాబ్ మేళాలు జరిపే చోటు. 2014లో ఏర్పడిన రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ, గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణా సంస్థలు, సీతంపేట, పార్వతీపురం గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) శిక్షణ ఇస్తాయి. శిక్షణ అయ్యాక వచ్చే కొలువు పైడిభీమవరం మందుల కంపెనీల్లో అయితే కుర్రాడు ఇంటికి చేరువలోనే ఉంటాడు. చాలాసార్లు హైదరాబాదు, చెన్నై వైపే బండి కదులుతుంది.

పసిపిల్లలు ఎవరి దగ్గర?

పిల్లల సంరక్షణకు ఇక్కడ అందరికీ దగ్గరున్న గుమ్మం అంగన్వాడీ. సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం 1975 అక్టోబరు 2న మొదలైంది. 2013 ఆహార భద్రతా చట్టం ఆరునెలలనుంచి ఆరేళ్ళలోపు పిల్లలకు, గర్భిణులకు, బాలింతలకు పోషకాహారాన్ని హక్కు చేసింది. గుడ్డు, పాలు, బాలామృతం, మూడేళ్ళు నిండినవాళ్ళకు ఆటపాటల బడి: ఇవన్నీ ఇక్కడే. బరువు తూచేదీ, టీకా తేదీ గుర్తుచేసేదీ, గర్భిణి పేరు మొదట రాసుకునేదీ అంగన్వాడీ టీచరే. ఆయా ఇంటింటికీ వెళ్ళి పిల్లలను పిలుచుకొస్తుంది. ఈ ఇద్దరూ జీతం కాక గౌరవ వేతనం పుచ్చుకునేవాళ్ళు. 2023 డిసెంబరు 12నుంచి 42 రోజులపాటు రాష్ట్రమంతా వాళ్ళు సమ్మె చేశారు, ఎస్మా పెట్టినా కదల్లేదు. ఆ ఆరు వారాల్లో తల్లులకు తెలిసింది, తమ పని రోజు ఆ గదిమీద ఎంత ఆధారపడి ఉందో.

అయితే అంగన్వాడీ పుట్టింది పోషణ కోసం. తల్లి పనిగంటల్లో బిడ్డను చూసుకోవడం దాని మొదటి ఉద్దేశం కాదు. వేసవి కరువు పని తెల్లారకముందే మొదలవుతుంది, కేంద్రం తలుపు ఆ తరవాతెప్పుడో తెరుచుకుంటుంది. మూడేళ్ళు నిండని బిడ్డకు రోజంతా ఉండే చోటు అక్కడ లేదు. ఈ ఖాళీని నింపడానికి ఉపాధి హామీ చట్టంలోనే ఒక నిబంధన పెట్టారు. పనిచోటికి తల్లులతో ఆరేళ్ళలోపు పిల్లలు అయిదుగురు, ఆ పైన వస్తే, వాళ్ళను చూసుకోవడానికి పనివాళ్ళలో ఒకామెను కేటాయించి, ఆమెకూ అందరిలాగే కూలి ఇవ్వాలి. చక్కని నిబంధన. ముసలమ్మకో, బరువు మోయలేని మనిషికో ఆ పని ఇస్తే ఇద్దరికీ మేలు. కాని తల్లులు పిల్లలను ఇంట్లో పెద్దకూతురి మీద వదిలి వస్తారు. పనిచోట పిల్లలే కనబడరు, కనబడని పిల్లలకు ఆయా రాదు. ఆ పెద్దకూతురి బడి సంగతి ఏ మస్తరులోనూ నమోదు కాదు.

పలాస-కాశీబుగ్గలో జీడిపప్పు ఒలిచే పనిలో వేలాది ఆడవాళ్ళున్నారు. 2017 సవరణ తరవాత ప్రసూతి ప్రయోజనాల చట్టం యాభైమంది, ఆ పైన పనిచేసే సంస్థలో శిశు సంరక్షణ గది ఉండాలంది. జీడి బట్టీల్లో చాలామటుకు చిన్నవి, ఆ లెక్కకు అందవు. 2022నుంచి మిషన్ శక్తి కింద వచ్చిన 'పాల్నా' పథకం అంగన్వాడీతో కలిపి రోజంతా నడిచే శిశు సంరక్షణ కేంద్రాలు పెట్టమంటుంది. ఇలాంటి పట్టణాలకే అది మొదట చేరాలి.

కొండమీద సమస్య వేరు. సవర, జాతాపు గూడేలనుంచి నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీ కట్టి దింపాల్సి వచ్చేది. 2018లో సాలూరులో గిరిజన గర్భిణుల కోసం వసతి గృహం పెట్టారు. నెలలు నిండుతుండగానే దిగివచ్చి, అక్కడే తిని, అక్కడే పరీక్షలు చేయించుకుని, ఆసుపత్రికి చేరువలోనే కాన్పు అయ్యేదాకా ఉండవచ్చు. ఆమెతోబాటు చిన్నబిడ్డలు ఉంటే వాళ్ళనూ తెచ్చుకోవచ్చునన్నది దాన్ని నిలబెట్టింది. ఇంటి దగ్గర బిడ్డను చూసేవాళ్ళు లేకపోతే ఏ తల్లీ కొండ దిగదు.

అమ్మానాన్నలు పోయిన పిల్లలు, ఒంటరి తల్లి పిల్లలు, పెంచే స్తోమత లేని బంధువుల దగ్గరున్న పిల్లలకు మిషన్ వాత్సల్య కింద నెలకు 4,000 రూపాయల స్పాన్సర్‌షిప్ ఉంది. పల్లెల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగానికి వెళ్ళాలి. ఊళ్ళో అంగన్వాడీ టీచరు చేత మొదలుపెట్టించవచ్చు. ఆపదలో ఉన్న బిడ్డ కోసం 1098కు ఫోను చేస్తే చాలు.

సముద్రం మీది సరిహద్దు

శ్రీకాకుళం జిల్లా తీరం 193 కిలోమీటర్లు, విజయనగరానిది 28. ఇంత తీరంలో పెద్ద బోట్లు నిలిచే చేపల రేవు లేక మత్స్యకారులు వేలమంది గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి పరాయి బోట్ల మీద కూలికి చేపలు పడతారు. బోటు నడిపే తండేలు చెప్పిన దిక్కుకు బోటు పోతుంది. నీటిమీద గీత కనబడదు. 2018 నవంబరులో పాకిస్తాన్ గస్తీవాళ్ళు పట్టుకుపోయిన వాళ్ళలో ఈ రెండు జిల్లాలవాళ్ళు ఉన్నారు. ఇరవైమంది ఆంధ్ర మత్స్యకారులు 2020 జనవరి 6న వాఘా దగ్గర ఇటు అడుగుపెట్టారు. రాష్ట్ర ప్రభుత్వం ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయలిచ్చింది. ఏడాదికి పైగా వాళ్ళ ఇళ్ళు ఎలా గడిచాయన్నదే అసలు ప్రశ్న. సంపాదించేవాడు చనిపోలేదు, కాబట్టి వితంతు పింఛను రాదు. ఇంటికీ రాలేదు, కాబట్టి కూలీ లేదు. ఇలాంటి ఇంటికి మొదటి దారి మత్స్యశాఖ కార్యాలయం, అక్కడినుంచి కలెక్టరు, ఆ పైన విదేశాంగ శాఖ. 2008 ఒప్పందం ప్రకారం రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఆ రెండు తేదీల కోసం ఎదురుచూసిన వాడలున్నాయి ఎచ్చెర్ల తీరంలో.

వాళ్ళు తిరిగి వచ్చిన 2020లోనే లాక్‌డౌన్ వచ్చింది. వెరావల్‌లో బోట్లలోనే చిక్కుకుపోయిన నాలుగు వేలకు పైగా ఆంధ్ర మత్స్యకారులను ఏప్రిల్ చివర బస్సుల్లో తీసుకొచ్చారు. ఊళ్ళోనే ఉన్నవాళ్ళకు వేరే సాయముంది: ఏప్రిల్ 15నుంచి జూన్ 14దాకా 61 రోజుల వేట నిషేధ కాలానికి భృతి. 2025 ఏప్రిల్ 26న బుడగట్లపాలెంలో ప్రభుత్వం దాన్ని 20,000 రూపాయలకు పెంచి ఇచ్చింది. నిషేధ సమయంలో తీసే లెక్కలో పేరు, నమోదైన పడవ ఉండాలి. వెరావల్‌లో కూలికి పోయినవాడి పేరు ఆ లెక్కకు అందడం కష్టం.

తుపాను, ప్రాజెక్టు, రెండు రాష్ట్రాల ఊళ్ళు

ఇంట్లో ఉండగానే నిర్వాసితులైనవాళ్ళూ ఉన్నారు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరిని, జీడిమామిడిని నేలకూల్చింది. కూలిన చెట్టుకు పరిహారం ఇచ్చారు. కాని కొబ్బరి మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళలో తోటలో కూలి చేసినవాడికి చెట్టు పేరు మీద ఏమీ రాదు. హిరమండలం జలాశయం కింద, భోగాపురం విమానాశ్రయం కింద ఇళ్ళు పోయినవాళ్ళకు పునరావాస కాలనీలు, యువతకు 'యూత్ ప్యాకేజీ' వచ్చాయి. భోగాపురం నిర్వాసితులు దిగిన కాలనీల్లో ఒకటి గూడెపువలసలో ఉంది.

సాలూరుకు పైన కొటియా ఊళ్ళది మరో కథ. ఇరవై ఒక్క పల్లెలు మావంటే మావని ఆంధ్ర, ఒడిశాలు 1968నుంచి సుప్రీంకోర్టు మెట్లెక్కుతున్నాయి. చాలా ఇళ్ళలో రెండు రాష్ట్రాల రేషన్, ఓటరు కార్డులూ ఉన్నాయి. దిగువనున్న వలస కూలీ కార్డు పట్టుకుని ప్రభుత్వం కోసం తిరిగితే, ఇక్కడ ఒక గుమ్మానికి రెండు ప్రభుత్వాలు వస్తాయి.

ఎక్కడ అడగాలి

2019 అక్టోబరు 2నుంచి గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. పింఛను, రేషన్ కార్డు, కుల, ఆదాయ పత్రాలు, పథకాల దరఖాస్తులు ఇప్పుడు చాలామటుకు అక్కడే. తాలూకా ఆఫీసుకు బస్సు ఛార్జీ పెట్టుకుని, రోజుకూలి పోగొట్టుకుని తిరిగిన తరానికి ఇది చిన్న మార్పు కాదు. సచివాలయంలో తేలనిది సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో చెప్పుకోవచ్చు. జనం దాన్ని 'గ్రీవెన్స్' అంటారు. అర్జీ ఇచ్చినప్పుడు నంబరున్న రశీదు అడిగి తీసుకోవాలి. వేధింపులో ఉన్న ఆడమనిషి 181కి ఫోను చేస్తే సఖి కేంద్రం అందుతుంది.

ఊరు విడిచి వెళ్ళేవాళ్ళకు మూడు పనులు మేలు చేస్తాయి. అసంఘటిత కార్మికుల కోసం 2021 ఆగస్టు 26న మొదలైన ఈ-శ్రమ్‌లో పేరు నమోదు చేయించుకోవడం ఒకటి. రెండోది బియ్యం కార్డు. ఆంధ్ర, తెలంగాణల మధ్య 2019 ఆగస్టునుంచే ఏ ఊరి చౌకధరల దుకాణంలోనైనా బియ్యం తీసుకునే వీలు మొదలైంది. కార్డులో ఉన్న ప్రతి ఒక్కరి ఆధార్ కలిపి ఉండాలి. మూడోది చాలామందికి తెలియదు. గర్భిణో, పసిబిడ్డో ఊరు మారితే అంగన్వాడీ పేరును కొత్త ఊరికి మార్పించుకోవచ్చు. బయల్దేరేముందు ఇక్కడి టీచరుతో ఒక మాట, దిగాక అక్కడి టీచరుతో ఒక మాట చెప్పాలి. పొలిమేర దాటినా బిడ్డ గుడ్డు ఆగదు.